కడుపు కోసుకుంటే బాధ్యత తీరుతుందా?

ఎక్కడైనా వంతెన కూలినా, రైలు పట్టాలు తప్పినా, పరీక్ష పేపరు లీకైనా మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట తప్పకుండా వస్తుంది. "అదే జపాన్‌లో అయితే ఆ మంత్రి ఈపాటికి కడుపు కోసుకుని చచ్చేవాడు" అని. ఈమధ్య మా బంధువుల గ్రూపులో మళ్లీ వచ్చింది, కింద వరసపెట్టి దండాల బొమ్మలు. మా బాబాయి "సిగ్గున్న జాతిరా అది" అని రాశాడు. బాబాయి కోపం నాకు అర్థమవుతుంది. ఆయన మెచ్చుకుంటున్నది చావును కూడా కాదు, తప్పు నాదేనని ముందుకొచ్చి నిలబడే మనిషిని. కానీ సమురాయ్‌ల సెప్పుకు గురించి (మనం హరాకిరి అని ఎక్కువగా విన్నది దీన్నే) కొన్నేళ్లుగా దొరికింది దొరికినట్టు చదువుతున్న నాకు, రోజురోజుకూ గట్టిపడుతున్న అభిప్రాయం దీనికి పూర్తిగా ఎదురు. ఆ చావు చాలాసార్లు ఎవరూ ఏమీ అడగకుండా నోళ్లు మూయించడానికే పనికొచ్చింది. చచ్చినవాడి పరువు నిలబడిందో లేదో గానీ, ఆ ప్రశ్నలకు నిజంగా జవాబు చెప్పాల్సినవాళ్లు హాయిగా బయటపడ్డారు.

సాయంత్రానికల్లా ముగిసిన కేసు

ప్రభువు లేని సమురాయ్‌ని రోనిన్ అంటారు. అందరికీ తెలిసిన 47 మంది రోనిన్‌ల కథతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఆ కథలో మనమంతా గబగబా దాటిపోయే చోటు ఒకటుంది. 1701లో ఎడో (ఇప్పటి టోక్యో) కోటలో, చక్రవర్తి దూతలకు మర్యాదలు జరుగుతున్న రోజున, అకో సంస్థానాధీశుడు అసానో నగనోరి కత్తి దూసి కిరా అనే పెద్ద అధికారి మీద పడ్డాడు. కిరా గాయాలతో బతికాడు. దేశాన్ని నిజంగా ఏలే సైనిక పాలకుడు, షోగున్ త్సునయోషి ఆ రోజే తీర్పు చెప్పేశాడు, ఆ సాయంత్రమే అసానో తనను కాపలాలో ఉంచిన ఇంటి తోటలో సెప్పుకు చేసుకున్నాడు. పాత పగ అన్నాడు తప్ప ఆ పగ ఏమిటో ఆయన చెప్పినట్టు నమ్మదగ్గ ఆధారం లేదు. 300 ఏళ్లు దాటినా చరిత్రకారులు ఇంకా ఊహిస్తూనే ఉన్నారు. కిరా లంచం అడిగాడని, అసానో భార్య మీద కన్నేశాడని మనం విన్నవన్నీ తర్వాతి రోజుల్లో నాటకాలు, కథలు ఆ ఖాళీలో నింపినవి. ఇంత తొందర ఎందుకని తాను అభ్యంతరం చెప్పానని, ఆ రోజు విచారణకు వెళ్లిన అధికారుల్లో ఒకాయన తర్వాత రాసుకున్నాడు. ఆయన మాట ఎంతవరకు నిజమో గానీ, అడగాల్సిన మాటే అది.

తర్వాత జరిగింది తెలిసిందే. సంస్థానం జప్తయింది, దాన్ని నమ్ముకున్న సమురాయ్‌లు వీధిన పడ్డారు, అసానో ముఖ్య అనుచరుడు ఓయిషి కురనోసుకె కూడగట్టిన మనుషులు కిరా తల నరికారు, 1703లో వాళ్లలో 46 మంది ఒకే రోజు సెప్పుకు చేసుకున్నారు. ఇంతమంది చచ్చింది ఏ గొడవ మీదో ఆ మొదటి మనిషికి తప్ప ఎవరికీ తెలియదు. ఓగ్యూ సొరాయ్ అనే పండితుడు అప్పట్లో ఒక వాదన చెప్పాడు: చట్టం తప్పారు గనుక శిక్ష పడాలి, ప్రభువు కోసం చేశారు గనుక సమురాయ్‌లకు తగ్గ చావు ఇవ్వాలి అని. తెలివైన వాదన, చట్టమూ నిలిచింది, గౌరవమూ నిలిచింది. కానీ మొదట ఆ సాయంత్రం ఇచ్చిన తీర్పు సరైనదేనా అన్న మాట ఈ రెండింటి మధ్య ఎక్కడో జారిపోయింది. దాన్ని పట్టుకున్నది సొరాయ్ శిష్యుడే, దజాయ్ షుందాయ్. మీ ప్రభువును చంపింది కిరా కాదు కదా, షోగున్ ప్రభుత్వం కదా, పగ ఉంటే అటు చూపించాలి అన్నాడు. ఆ మాట చాలామందికి రుచించలేదు. నాకు మాత్రం ఈ మొత్తం వ్యవహారంలో అసలు తాళం మీద చెయ్యి వేసిన మనిషి ఆయనే అనిపిస్తుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. షోగున్‌లు ఏలిన ఎడో కాలానికి సెప్పుకు చాలావరకు ప్రభుత్వం వేసే శిక్ష. అదీ సమురాయ్‌లకు మాత్రమే దక్కే శిక్ష. అదే నేరం చేసిన రైతుకో వర్తకుడికో శిలువ, లేదా ఊరి బయట తల తీయడం. రానురాను కత్తికి బదులు పళ్లెంలో విసనకర్ర పెట్టి, ఆ మనిషి దాన్ని అందుకోవడానికి వంగగానే వెనక కత్తితో నిలబడే సహాయకుడు (కైషాకు) తల నరికేసే పద్ధతి కూడా వచ్చింది. రాతల్లో మాత్రం అదీ సెప్పుకే. తనకు తాను తీర్పు చెప్పుకున్న మనిషి మన ఊహలో ఉన్నాడు. ఆ తోటలో చాలాసార్లు ఉన్నది, తీర్పు విని కూర్చున్న మనిషి.

పొగిడినవాళ్లు ఎక్కడుండి పొగిడారు

ఈ చావును అందరికంటే గట్టిగా పొగిడిన ముగ్గురూ, దాన్ని ఎవరూ తమనుంచి అడగని కాలంలో బతికినవాళ్లు. ఇది నాకు చిన్న విషయంగా కనిపించదు.

సమురాయ్ దారి అంటే చావేనన్న హగకురె అనే పుస్తకంలోని మాటలు చెప్పిన యమమోతో త్సునెతోమో సాగా సంస్థానంలో కొలువు చేసినవాడు. 1700లో ప్రభువు పోయినప్పుడు వెంట పోదామనుకున్నాడు, కానీ ప్రభువు వెంట చచ్చే జున్‌షి ఆచారాన్ని షోగున్ ప్రభుత్వం 1663లోనే నిషేధించింది. ఆ ప్రభువు తానే ముందు నుంచీ వద్దన్నాడు కూడా. దాంతో త్సునెతోమో గుండు చేయించుకుని సన్యాసి అయి, కుటీరంలో కూర్చుని ఏళ్ల తరబడి చావు గురించి మాట్లాడాడు, 1719లో మామూలుగానే పోయాడు. అకో రోనిన్‌లను కూడా ఆయన తప్పుపట్టాడు. అన్నాళ్లు ఆగడమేమిటి, ఈలోపు కిరా జబ్బు చేసి పోయి ఉంటే ఏం చేసేవాళ్లు అని. పెద్ద యుద్ధాలు ఆగి దశాబ్దాలు గడిచిన దేశంలో, తనకు దక్కని చావు మీద ఒక మనిషి పెంచుకున్న బెంగ అది. ఆ బెంగను నేను చులకన చేయను. దాన్ని తీసుకొచ్చి అందరికీ ధర్మశాస్త్రంలా చూపిస్తేనే నాకు పేచీ.

నితోబె ఇనాజో తన బుషిదో (సమురాయ్ ధర్మం) పుస్తకాన్ని ఇంగ్లీషులో, అమెరికాలో ఉండి, విదేశీ పాఠకుల కోసం రాశాడు. అది అచ్చయింది 1900లో. శిక్షగా సెప్పుకు రద్దయింది 1873లో. మా దేశానికీ ఒక నీతి ఉంది చూడండి అని పడమటి వాళ్లకు చెప్పాల్సిన అవసరం ఆయనకు ఉంది, వలస పాలన చూసిన మనకు ఆ అవసరం బాగానే అర్థమవుతుంది. కానీ మన దాకా వచ్చిన సమురాయ్ గౌరవంలో ఎక్కువ భాగం ఈ దారిలో వచ్చిందే.

ఇక రచయిత మిషిమా యుకియో. 1967లో హగకురె మీద ఒక పుస్తకమే రాశాడు. 1970 నవంబరు 25న టోక్యో ఇచిగయా సైనిక స్థావరంలో బాల్కనీ ఎక్కి సైనికులను తిరగబడమంటే, కింద ఉన్నవాళ్లు కేకలు వేసి ఎగతాళి చేశారు. లోపలికి వెళ్లి అన్నంత పనీ చేశాడు. కైషాకుగా నిలబడిన శిష్యుడు మొరితా ఆ పని చేయలేకపోతే ఇంకొకరు కత్తి అందుకోవాల్సి వచ్చింది. మిషిమా ధైర్యాన్ని గానీ, ఆయన వాక్యం అందాన్ని గానీ నేను శంకించను. అయితే 1961లో ఆయన రాసిన 'యూకోకు' కథ మళ్లీ చదివితే నాకు ఊపిరాడలేదు. 1936 తిరుగుబాటులో ఉన్న తన స్నేహితుల మీదికి దళాన్ని తీసుకెళ్లమన్న ఆజ్ఞ రేపోమాపో వస్తుందని తెలిసి, ఒక లెఫ్టినెంటు కొత్త పెళ్లికూతురితో కలిసి చనిపోతాడు. అంతా తెల్లగా, శుభ్రంగా, అందంగా ఉంటుంది. స్నేహితులది తప్పా ఒప్పా, ఆజ్ఞను కాదనాలా వద్దా అన్న అసలు ప్రశ్నకు మాత్రం అతను జవాబు చెప్పనక్కర్లేకుండా పోతుంది. ఆ కథ దాన్నే గొప్పతనం అంటుంది.

ఇలాంటి పొగడ్తలకు ఎవరు బలవుతారంటే నాకు ముందు గుర్తొచ్చేది ఐజు సంస్థానం పిల్లలు. 1868 యుద్ధంలో బ్యక్కోతాయ్ అనే దళంలోని 16, 17 ఏళ్ల కుర్రాళ్లు ఇరవై మంది దాకా ఈమొరి కొండ మీద నుంచి తమ కోట వైపు పొగ చూసి, కోట పడిపోయిందనుకుని ప్రాణాలు తీసుకున్నారు. కోట పడలేదు. ఆ తర్వాత కూడా చాలా రోజులు నిలబడింది. ఆ వయసు పిల్లలు మన ఇళ్లలోనూ ఉన్నారు, ఒక్క పొగ చూసి అంతా అయిపోయిందనుకునే వయసు అది. వాళ్లలో ఈనుమా సదాకిచి ఒక్కడు బతికిపోయి, పెద్దయ్యాక టెలిగ్రాఫ్ శాఖలో ఇంజనీరుగా పనిచేసి 1931లో పోయాడు. ఆ కొండ మీద 1928లో ఇటలీ నుంచి ముస్సోలినీ పంపిన రోమన్ స్తంభం ఒకటి నిలబెట్టారు. ఆ చావులో ఆయనకు ఏం నచ్చిందో చెప్పనక్కర్లేదు.

మోరి ఓగై తెరిచిన పాత కాగితాలు

నా అభిప్రాయం మార్చింది చరిత్ర పుస్తకం కాదు, మోరి ఓగై అనే ఒక సైనిక డాక్టరు రాసిన కథలు. 1912 సెప్టెంబరు 13న, మెయిజీ చక్రవర్తి అంత్యక్రియల రోజున, జనరల్ నోగి, ఆయన భార్య షిజుకో ఇంట్లోనే ప్రాణాలు తీసుకున్నారు. అప్పటికే ఇద్దరు కొడుకులూ రష్యాతో యుద్ధంలో పోయారు. 1877లో తన రెజిమెంటు జెండా శత్రువుల చేతికి చిక్కడమే కారణమని నోగి వీలునామాలో రాశాడు. ఆ వీలునామా భార్యను కూడా ఉద్దేశించి రాసిందే, తాను పోయాక ఆమె బతికే ఉంటుందన్న లెక్కతో రాసిందే. మరి ఆమె ఎందుకు పోయింది, ఎప్పుడు నిర్ణయించుకుంది, ఎవరు నిర్ణయించారు? నోగి మీద పుస్తకాల మీద పుస్తకాలు వచ్చాయి గానీ ఈ ప్రశ్న దగ్గర ఆగినవాళ్లు తక్కువ.

నోగిని బాగా ఎరిగిన ఓగై కొద్ది రోజుల్లోనే ఒక కథ రాశాడు, ప్రభువు వెంట పోతున్న ముసలి సమురాయ్ చివరి ఉత్తరంలాగా. అందులో జంకు గానీ సందేహం గానీ లేవు. కానీ ఆయన అక్కడ ఆగలేదు, పాత సంస్థానాల కాగితాలు వెతుకుతూ పోయాడు, మరుసటి ఏడాది 'అబె కుటుంబం' కథ రాశాడు. 1641లో కుమమోతో ప్రభువు హొసొకావా తదతోషి చనిపోయాడు. తన వెంట రావడానికి 18 మందికి అనుమతి ఇచ్చాడు. ఎందుకిచ్చాడు? వీళ్లు బతికుంటే జనం విశ్వాసం లేనివాళ్లంటారు, పైగా కొత్తగా గద్దెనెక్కే కొడుక్కి ఈ పాతవాళ్లు అడ్డం కావచ్చు అని చావుబతుకుల మధ్య ఆయన ఆలోచించినట్టు ఓగై చూపిస్తాడు. ప్రేమ, పరిపాలన అక్కడ ఒకే బుర్రలో పక్కపక్కన ఉంటాయి.

ఆ 18 మందిలో 17 ఏళ్ల నైతో చోజూరో ఒకడు. తాగుడు అలవాటున్న కుర్రాడు, ప్రభువు పాదాలు పట్టుకుని అనుమతి సంపాదిస్తాడు. నిజంగా ప్రేమతోనే అడిగాడు. కానీ తాను పోకపోతే లోకం ఏమంటుందో అన్న భయమూ, పోతే తల్లికీ భార్యకీ లోటుండదన్న నమ్మకమూ ఆ ప్రేమతో కలిసిపోయి ఉన్నాయని ఓగై నెమ్మదిగా చెబుతాడు. చనిపోయే రోజు ఇంట్లోవాళ్లతో తాగి, కాసేపు నిద్రపోతాడు. ఇల్లంతా చప్పుడు చేయకుండా అతను లేచేదాకా ఎదురుచూస్తుంది. అతన్ని లేపాలా వద్దా అని ఆ తల్లి, ఆ భార్య ఆగే ఆ కొద్ది పేరాలు చదివాక గౌరవం గురించి ఎవరు ఉపన్యాసం ఇచ్చినా నాకు తలకెక్కదు. ఇలా పోయినవాళ్ల పిల్లలను కొత్త ప్రభువు బాగా చూసుకునేవాడు, ఆ లాభం కోసం చచ్చేవాళ్లున్నారని ఆ కాలపు జనమే అనుకునేవాళ్లు. దానికి 'బేరం కోసం కోసుకున్న కడుపు' అనే అర్థంతో ఒక పేరు కూడా పెట్టారు.

అసలు కథ అబె యైచియెమోన్‌ది. ఏ లోటూ రానివ్వని కొలువు అతనిది, కానీ ఎందుకో ప్రభువుకు అతనంటే పడదు. అనుమతి ఇవ్వడు. బతికుండమన్న ఆజ్ఞ పాటించి బతికుంటే, ప్రాణం తీపెక్కువైందని ఊరు గుసగుసలాడుతుంది. భరించలేక కొడుకుల ముందే కడుపు కోసుకుంటాడు. అనుమతి లేదు గనుక అతని కుటుంబానికి మిగతావాళ్లకు దక్కిన మర్యాద దక్కదు. పెద్ద కొడుకు ప్రభువు సంస్మరణ సభలో తన జుట్టు ముడి కోసి పెడతాడు, అతనికి మరణశిక్ష వేస్తారు. తమ్ముళ్లు ఇంట్లో తలుపులు బిగించుకుంటారు, చివరికి కుటుంబం మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. చచ్చినా తప్పే, బతికినా తప్పే. అనుమతితో చస్తే గౌరవం, అనుమతి లేకుండా అదే కత్తితో అదే కడుపు కోసుకుంటే ధిక్కారం అయితే, ఆ గౌరవం చచ్చినవాడి దగ్గర ఉన్నట్టా, అనుమతి ఇచ్చేవాడి దగ్గర ఉన్నట్టా?

1914లో ఓగై రాసిన 'సకాయి ఉదంతం' ఇంకా సూటిగా ఉంటుంది. 1868లో తోసా సంస్థానం సైనికులు సకాయి రేవులో 11 మంది ఫ్రెంచి నావికులను చంపారు. ఫ్రాన్సుకు పరిహారంగా 20 మంది చావాలని తేలింది. కాల్చినవాళ్లెవరో తేల్చాక కూడా మనుషులు ఎక్కువయ్యారు, గుడిలో చీట్లు తీసి ఎంచారు. మామూలు సైనికులు, తల నరికించుకోవడం మాకొద్దు, సెప్పుకు ఇవ్వండి, మమ్మల్ని సమురాయ్‌లుగా గుర్తించండి అని పట్టుబట్టి ఒప్పించారు. 11 మంది అయ్యేసరికి చూస్తున్న ఫ్రెంచివాళ్లు ఇక ఆపమన్నారు. మిగిలిన తొమ్మిది మంది బతికారు, వాళ్లను దూరప్రాంతానికి పంపేశారు, చావుకు బదులుగా ఇస్తామన్న సమురాయ్ హోదా చివరికి ఇవ్వనే లేదు. ఈ కథలో ఓగై వ్యాఖ్యానం దాదాపు ఉండదు, కాగితాల్లో ఉన్నది ఉన్నట్టు పెడతాడు. చావడానికి సిద్ధపడితే దక్కే హోదా, బతికితే రద్దయిపోయింది.

నా వాదనకు అడ్డం నిలిచే మనిషి

ఇంతా చెప్పి షిమిజు మునెహారు పేరు ఎత్తకపోతే అన్యాయం చేసినవాణ్ణవుతాను. 1582లో హిదెయోషి బిచ్చూలోని తకమత్సు కోట చుట్టూ కట్ట కట్టి, నది నీళ్లు మళ్లించి కోటను చెరువు చేశాడు. కోట అధిపతి మునెహారు, లోపలున్న వేలమందిని వదిలేస్తే తాను చనిపోతానని ఒప్పుకుని, రెండు సైన్యాలూ చూస్తుండగా ఆ నీళ్ల మధ్యకు పడవలో వెళ్లి సెప్పుకు చేసుకున్నాడు. లోపలివాళ్లు బతికారు. ఇక్కడ నేను నోరు మూసుకుంటాను. ఒక మనిషి తన ప్రాణం ఇచ్చి అంతమంది ప్రాణాలు కొంటే, దాన్ని గౌరవం అనకపోతే ఇంక ఆ మాట ఎందుకు?

అయినా ఒక ముల్లు మిగిలే ఉంది. అప్పటికే క్యోటోలో హిదెయోషి ప్రభువు నొబునగా హత్య జరిగిపోయింది, ఆ కబురు హిదెయోషికి చేరింది, అవతల మునెహారు కొలిచే మోరి వంశానికి ఇంకా చేరలేదు. త్వరగా సంధి చేసుకుని వెనక్కి పరిగెత్తాల్సిన తొందర హిదెయోషిది. ఆ కబురు ఒక్క రోజు ముందు తెలిస్తే బేరం ఎలా ఉండేదో! మునెహారు త్యాగం దీనివల్ల ఇసుమంత కూడా తగ్గదు. కానీ అంత నికార్సైన చావులో కూడా, పడవలో ఉన్నవాడికి తెలియనిది గట్టు మీద ఉన్నవాడికి తెలుసు.

కొంపలు కూలినా సరే బతికుండడమే మేలు అని నేను అనడం లేదని ఈ మునెహారు కోసమైనా చెప్పాలి. ఎవరి ప్రాణం దేనికి ఇవ్వాలో ఆ మనిషే తేల్చుకున్న సందర్భాలు ఉన్నాయి. వాటిని చూపించి మిగతా వందల చావుల మీద కూడా అదే శాలువా కప్పడం నాకు నచ్చదు.

చూసే జనానికి తెలుసు

సమురాయ్‌లు కాని జనం ఈ విషయాన్ని ఎంత బాగా పసిగట్టారో చెప్పడానికి 1748 నాటి 'కనదెహోన్ చూషింగురా' బొమ్మల నాటకం చాలు. అకో కథనే కాలం మార్చి, పేర్లు మార్చి ఆడారు. అందులో ప్రభువు సెప్పుకు అంకం గంభీరంగా సాగుతుంది. కానీ జనం గుండెల్లో మిగిలింది కన్పెయ్ అనే సమురాయ్. చీకట్లో అడవిపంది అనుకుని తుపాకీ పేలుస్తాడు, తన మామనే చంపానని నమ్ముతాడు, నిందలు భరించలేక కడుపు కోసుకుంటాడు. అప్పుడు శవం మీది గాయం చూస్తే అది కత్తి గాయం. అతను చంపింది ఆ మామను చంపిన దొంగను. నిర్దోషి. ఎవరైనా ఆ గాయాన్ని ఒక్క నిమిషం ముందు చూసి ఉంటే బతికేవాడు. ఊళ్లో వ్యాపారాలు చేసుకునే మామూలు జనం తరతరాలుగా ఏడ్చింది ఈ తొందర చావుకు.

రెండువందల ఏళ్ల తర్వాత కోబయాషి మసాకి 1962లో తీసిన 'సెప్పుకు' సినిమా (బయట దేశాల్లో హరాకిరి పేరుతో తెలిసింది) ఆ పనే ఇంకా కోపంగా చేసింది. 1630లో తిండి లేని రోనిన్ ఒకడు ఈయి వంశం గుమ్మం ముందుకొచ్చి, మీ ఆవరణలో చనిపోనివ్వండి అంటాడు, నాలుగు డబ్బులిచ్చి పంపుతారన్న ఆశతో. వాళ్లు నిజంగానే చావమంటారు, అదీ అతని దగ్గరున్న వెదురు కత్తితోనే. ఇంట్లో జబ్బుల కోసం అసలు కత్తులు ఎప్పుడో అమ్ముకున్నాడేమో అని ఎవరూ అడగరు. తర్వాత అతని మామ హన్‌షిరో వచ్చి ఆ ఒక్క ప్రశ్న అడుగుతాడు: ఒక రోజు గడువు కావాలన్నాడు కదా, ఎందుకో అడిగారా? నన్ను ఎక్కువ కదిలించింది మాత్రం అంతకుముందు దృశ్యం. అల్లుడు కత్తులు అమ్ముకున్నాడని తెలిశాక హన్‌షిరో తన నడుముకున్న కత్తుల వైపు చూసుకుంటాడు. ఇంట్లో పసివాడు జ్వరంతో కాలిపోతుంటే వీటిని అమ్మాలన్న ఆలోచనే తనకు రాలేదని కుమిలిపోతాడు. సినిమా మొదట్లో, చివర్లో ఆ వంశపు దినచర్య పుస్తకం కనిపిస్తుంది. జరిగిన ఘోరంలో ఒక్క ముక్క కూడా అందులో ఉండదు, చచ్చిన తమవాళ్లంతా జబ్బుతో పోయారని రాసి ఉంటుంది.

1945లోనూ అంతే

బాధ్యత అన్న మాటకు తిరిగి వస్తాను. జపాన్ లొంగిపోయిన 1945 ఆగస్టు 15 తెల్లవారుజామున యుద్ధమంత్రి అనామి కొరెచికా సెప్పుకు చేసుకున్నాడు. నా చావుతో నా మహాపరాధానికి క్షమాపణ వేడుకుంటున్నాను అని కాగితం రాసిపెట్టాడు. ఏ అపరాధం? యుద్ధం మొదలుపెట్టినందుకా, ఓడినందుకా, ఓడిపోతున్నామని తెలిసీ ఆఖరి దాకా లాగినందుకా, చైనాలోనో ఫిలిప్పీన్స్‌లోనో సైన్యం చేసినవాటికా? ఆ కాగితంలో లేదు. ఆ తర్వాత ఆయన్ని అడిగే వీలు లేకపోయింది. నిజాయితీపరుడని ఆయనకు ఇప్పటికీ పేరుంది.

యుద్ధం మొదలైనప్పుడు ప్రధానిగా ఉన్న తోజో సెప్టెంబరులో, అరెస్టు చేయడానికి అమెరికన్లు ఇంటికొచ్చినప్పుడు, పిస్తోలుతో కాల్చుకున్నాడు. అమెరికన్ డాక్టర్లు బతికించారు. సరిగ్గా చావడం కూడా చేతకాలేదని, కత్తి కూడా పట్టలేదని సొంత దేశం వాళ్లే ఈసడించారు. ఆ తోజో టోక్యో విచారణలో బోనెక్కి రోజుల తరబడి ప్రశ్నలకు జవాబు చెప్పాడు, 1948 డిసెంబరులో ఉరితీసే లోపల. ఆయన జవాబుల్లో దబాయింపు ఉంది, తప్పించుకోవడం ఉంది, ఆ విచారణ కూడా గెలిచినవాళ్లు నడిపిందే. అయినా ఎవరు ఎప్పుడు ఏ సమావేశంలో ఏం నిర్ణయించారో తెలుసుకోవడానికి ఈ రోజు పరిశోధకులు తెరిచే పేజీల్లో అవి ఉన్నాయి. అనామిని గౌరవించి తోజోను ఈసడించిన ఆ లెక్క నాకు తలకిందులుగా కనిపిస్తుంది. నేరాలు తక్కువని కాదు, తోజోవి చాలా ఎక్కువ. కానీ చనిపోయినవాళ్ల బంధువులు ఎందుకు, ఎలా అని అడిగితే ఎంత వంకరగానైనా జవాబు దొరికింది ఆయన దగ్గరే.